ఆహార్యశిల్పి స్థానం నరసింహారావుగారు

పల్లెలలో నాటకము వేయదలచిన యువకులకు మొట్టమొదట ఎదురగు చిక్కు పద్యము కాదు, పాట కాదు; చీర. పద్యమును పదిదినములు వల్లించిన వచ్చును. హార్మోనియము వాయించువాడు ప్రక్క ఊరినుండియైనను దొరకును. కాని రాణివేషమునకు తగిన పట్టుచీర ఎవరి ఇంటి పెట్టెనుండి రావలెను, తెల్లవారునప్పటికి దానిని మాయకుండ, చిరుగకుండ తిరిగి ఎవరు అప్పగింపవలెను, దానిని కట్టుకొనువాడు మీసము తీయించుకొనుటకు సమ్మతించునా లేదా, ఈ ప్రశ్నలు తేలకుండ ఏ ఊరిలోను తెర లేచినది లేదు. ఇట్టి చిన్న సమాజముల ఇక్కట్టులలోనుండియే, తెలుగు రంగస్థలముపై స్త్రీపాత్రకు నిండుదనము తెచ్చిన స్థానం నరసింహారావుగారు పైకి వచ్చిరి.

వారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన నాటి కృష్ణా జిల్లాలోని బాపట్లలో జన్మించిరి. అప్పటికి తెలుగునాట ఆధునిక నాటకము పుట్టి ఇరువది సంవత్సరములు మాత్రమే. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక కంపెనీవారు మన పట్టణములకు వచ్చి ఆడిపోయినపిదప, రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగముగారు విద్యార్థులచేత తెలుగు నాటకములు ఆడించిరి. పిమ్మట బళ్లారి మొదలు విశాఖపట్టణమువరకు పట్టణ పట్టణమున సమాజములు వెలసినవి. ప్లీడర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు వేషములు కట్టిరి. సురభివారి వంటి కుటుంబ సమాజములలో స్త్రీలు రంగమెక్కినను, ఈ పట్టణ సమాజములలో స్త్రీ పాత్రలన్నియు పురుషులవే. లేతగొంతుక, నున్నని మోము గల కుర్రవాడు కనబడినచో సమాజమువారు విడిచిపెట్టెడివారు కారు. గొంతు ముదిరిన నాడు అతని వైభవము తీరెడిది.

నరసింహారావుగారి ప్రవేశము యాదృచ్ఛికముగా జరిగినది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసియుండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. టిక్కెట్లు కొన్న జనము ఎదుట కూర్చుండియుండగా నాటకము ఆపుటకు వీలులేదు. పదునెనిమిదేండ్ల నరసింహారావుగారు ఆ చీర కట్టిరి. ఆ రాత్రితో వారి జీవితపుత్రోవ నిర్ణయమైనది. అటుపిమ్మట తెనాలిలోని శ్రీరామవిలాస సభలో చేరి, రమారమి నలువది సంవత్సరములు స్త్రీపాత్రలనే ధరించిరి.

చంద్రమతి మొదటి పాత్రయగుట ఒక విధముగా అదృష్టమే అనవలెను. వేషధారికి అంతకంటె కఠినమైన బడి వేరొకటి లేదు. మొదటి అంకములలో ఆమె అయోధ్య పట్టమహిషి. తరువాత కట్టుబట్టతో అడవులు నడచును. కాశీలో అమ్ముడుపోయి పరుల ఇంట దాసియగును. చివరకు చనిపోయిన కొడుకును భుజముపై వేసికొని కాటికి చేరును. పాత్ర ఒక్కటియే, బట్ట నాలుగు మెట్లు దిగవలెను. దాసిగానున్న అంకములో రాణివాసపు చీరయే కట్టియుండినచో పద్యము ఎంత కరుణముగా పాడినను నమ్మువాడుండడు. మరీ చింపిరి గుడ్డ చుట్టినచో వెనుకటి రాణి మాయమై, ప్రేక్షకుడు ఆమె పోగొట్టుకొన్నదేమో మరచిపోవును.

ఆ కాలపు సమాజముల వేషసామగ్రి ఎట్టిదో తెలిసిననేగాని నరసింహారావుగారు చేసిన పని విలువ తెలియదు. సమాజమునకంతకు రెండుమూడు ట్రంకుపెట్టెలు. వానిలో సరిగ కుట్టిన మఖమలు కోట్లు, అట్ట కిరీటములు, టోపాలు, సవరములు, గిల్టు నగలు, పూసల దండలు. హరిశ్చంద్రునకును, దుర్యోధనునకును, శివాజీకిని ఒకే కోటు. ముఖమునకు అర్దళము, సఫేదా, కాటుక. పురాణకాలపు రాజు మేజోళ్లు తొడిగి రంగమెక్కినను ఆశ్చర్యపడువారు లేరు. స్త్రీ వేషమునకైనచో మెరపు ఎంత యెక్కువయైన అంత గొప్ప. సీతకును, వేశ్యకును, చెలికత్తెకును ఒకే జరీచీర, ఒకే వడ్డాణము. ఎవరు ఎవరో పద్యము మొదలిడిన పిదపనే తెలిసెడిది.

దీపముల సంగతి వేరు. కిరసనాయిలు దీపపు పచ్చని వెలుగులో నీలిరంగు చీర నల్లగా కనబడును. పగలు కన్నులకింపైన లేతరంగు రాత్రి వెలవెలబోవును. పెట్రోమాక్సు వచ్చిన పిదప వెలుగు పెరిగినది. పెరిగిన వెలుగుతోపాటు లోపములును బయటపడినవి. పురుషుని భుజము వెడల్పు, కంఠమణి, మణికట్టు, పాదము ఇవి నాలుగును స్త్రీవేషమునకు శత్రువులు. పమిట వేయు తీరుతో భుజమును, కంటెతోనో కాసులపేరుతోనో గొంతును, నిండు గాజులతో మణికట్టును, కుచ్చిళ్ల జారుతో పాదమును సరిదిద్దుకొనవలెను. నగ అలంకారము మాత్రమే కాదు, కప్పుడు కూడ. ఈ రహస్యము తెలియక నగలు దిగవేసికొనినవాడు నగల దుకాణమువలె కనబడునేగాని స్త్రీవలె కనబడడు.

భరతుడు అభినయమును నాలుగు విధములుగా చెప్పెను: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. వేషభూషలను, రంగును, నగను ఆయన పని లేని హంగుగా చూడలేదు; అభినయములోనే ఒక పాలుగా లెక్కించెను. మన పద్యనాటకపు రోజులలో వాచికమే సర్వస్వమైపోయి, రాగము తీయగలవాడే నటుడనిపించుకొనెను. నరసింహారావుగారు రాగమును విడువలేదు, కాని దానికి మిగిలిన మూడింటిని జోడించిరి. ఒక్కొక్క పాత్రకు చీరకట్టు వేరు, నడక వేరు, నగ వేరు. ఈ భేదమువల్లనే ఒకే నటుడు చిత్రాంగిగాను, చింతామణిగాను, సత్యభామగాను, దేవదేవిగాను, మధురవాణిగాను, రోషనారగాను జనుల కన్నులలో నిలిచిపోయెను.

వీనిలో సత్యభామను గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారము నరసింహారావుగారి పేరుతో పెనవేసికొని పోయినది. ఆ నాటకములో సత్యభామ అలంకరించుకొనుచు, కృష్ణుడు తన మాట జవదాటలేడన్న ధీమాతో పాడెడి మీరజాలగలడా అను పాట వారే రచించినదని ప్రసిద్ధి. అది వట్టి పాట కాదు, వేషధారణయే అభినయమైన ఘట్టము. సాధారణముగా వేషము తెరవెనుక ముగియును. ప్రేక్షకుడు తయారైన బొమ్మను మాత్రము చూచును. ఇక్కడ సత్యభామ సింగారము తెరముందు జరుగుచున్నది. అద్దములో చూచుకొను చూపు, జడ ముందునకు లాగుకొను వయ్యారము, నగ సరిచేసికొను వ్రేలు, ఇవన్నియు ఆమె గర్వమును పాటకంటె ముందే చెప్పుచున్నవి. ఒక్క పల్లవిని నరసింహారావుగారు పలు భావములతో మరల మరల పాడుచుండగా జనము విసుగక మరల పాడుమని కోరెడివారట. చీర సద్దుటయు, నగ తాకుటయు ఆ భావములకు తోడుపడకున్నచో అంతసేపు ఒక్క పాటతో రంగమును నిలబెట్టుట ఎవరికిని సాధ్యము కాదు.

ఇక తులాభార ఘట్టము. వ్రతము పేర భర్తను నారదునకు దానము చేసి, తిరిగి కొనుటకు సత్యభామ తన సొమ్మంతయు త్రాసులో పోయును. త్రాసు కదలదు. ఒంటిమీది నగలును తీసి వేయును. అప్పుడును కదలదు. రుక్మిణి వచ్చి భక్తితో ఒక్క తులసిదళము వేయగా తూగును. అద్దము ముందు ఆ గర్వముతో పెట్టుకొన్న నగలే ఇక్కడ అవమానముతో ఊడవలెను. కావున మొదటి ఘట్టములో ఆమె ఎంత నిండుగా వెలిగినచో రెండవ ఘట్టములో అంత బోసిగా కనబడును. ఇందులో వేషము కట్టువానికి చిక్కులు కొల్లలు. చెంపసరము లాగినచో సవరము కూడ ఊడివచ్చును. వడ్డాణపు చీల సమయమునకు రాకున్నచో దుఃఖఘట్టము నవ్వులపాలగును. రేకునగ పళ్లెములో పడినపుడు బంగారమువలె బరువుగా పడక డబ్బావలె మ్రోగును. కంఠము కప్పిన కంటె తీసినపిదప పురుషుని గొంతు బయటపడకుండ పమిటచెంగు ఆ చోటికి చేరవలెను. అదియును వేషధారి కంగారువలె కాక సత్యభామ సిగ్గువలె ఉండవలెను.

ఇది ఒక్కరి వేషముతో తీరునదియు కాదు. రుక్మిణి మెడలో సత్యభామకంటె ఎక్కువ నగలున్నచో కథయే చెడును. ఆమె నిరాడంబరముగా వచ్చిననే తులసిదళము ఆమె చేతికి ఒప్పును. ఉన్న నగలన్నియు సత్యభామకే చాలని పేదసమాజములలో ఈ న్యాయము తనంతట తానే జరిగెడిది! కృష్ణుడు త్రాసులో కూర్చుండు మనిషి. ఎదుటి పళ్లెములో పడు నగలకంటె ఆయన కిరీటము మిన్నగా మెరసినచో చూపు అటు పోవును. ఒక అంకములోని వేషములన్నియు ఒకదానికొకటి లొంగియుండవలెనన్న సూత్రము ఆ త్రాసు ముందు చక్కగా బోధపడును.

నరసింహారావుగారు పేరుగాంచిన పాత్రలను ఒకచోట చేర్చి చూచినచో ఒక వింత కనబడును. చంద్రమతి నగలు విధివశమున ఊడినవి. సత్యభామ నగలు గర్వభంగముతో ఊడినవి. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి, కృష్ణభక్తి కలిగిన పిదప తన వేశ్యాలంకారమును తానే విడనాడును. విప్రనారాయణ కథలో దేవదేవి, భక్తుని మోసగించుటకై, నగలు తీసివైచి పేద పరిచారికవలె వచ్చును. నలుగురును సొమ్ములు తీసిన స్త్రీలే. ఒకతెది దైన్యము, ఒకతెది పరాభవము, ఒకతెది వైరాగ్యము, ఒకతెది కపటము. దేవదేవి వేషమందు సాదాచీరయే అన్నిటికంటె ప్రమాదకరమైన అలంకారమన్నమాట. ఒంటిమీద నగ లేని నలుగురు స్త్రీలను నాలుగు విధములుగా చూపుట జరీచీరతో నెగ్గుకొనిపోవుటవంటిది కాదు. ఆ భేదము కట్టులోను, మడతలోను, తల దువ్విన తీరులోను, అన్నిటికంటె మిన్నగా ఆ బట్టను మోయు శరీరములోను ఉండవలెను.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సారంగధర నాటకములోని చిత్రాంగిది వేరొక తెరగు. రాజనరేంద్రుని యువరాణి, సవతికొడుకుపై మనసుపడినది. ఆమెను వేశ్యవలె అలంకరించుట సులభము. చాలమంది అట్లే చేసిరి. అంతఃపురపు మర్యాద బట్టలో ఉండి, దాని క్రింద నిప్పు ఉన్నప్పుడే ఆ పాత్ర భయంకరమగును. రోషనార మొగలు రాజకన్య. అక్కడ చీరయే లేదు. పమిట సర్దుటకు అలవాటుపడిన చేతికి మేలిముసుగు సర్దుట నేర్పవలెను, కుచ్చిళ్లకు అలవడిన నడకను పైజామాకు మార్పవలెను.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములోని మధురవాణి సంగతి చూచినచో నవ్వు వచ్చును, ఆలోచనయు కలుగును. ఆ నాటకమంతయు వేషములతోనే నడచినది. కరటకశాస్త్రి తన శిష్యుడైన మహేశమునకు ఆడవేషము కట్టి, పెండ్లికూతురని చెప్పి లుబ్ధావధాన్లకు అంటగట్టును. ఆ దొంగ పెండ్లికూతురు మెడకు మధురవాణి కంటె ఎరువు పోవును. ఆ కంటె తిరిగిరాకపోవుటయే తరువాతి తగవులకు మూలము. ఎరువు సొత్తుతో వేషము కట్టు బాధ నాటకములోపలనే ఉన్నదన్నమాట! చివరి అంకములో మధురవాణి పురుషవేషము ధరించి సౌజన్యారావు పంతులుగారి ఇంటికి పోవును. నరసింహారావుగారి వంటి నటునకు ఇది కత్తిమీది సాము. పురుషుడు స్త్రీగా మారి, ఆ స్త్రీ మరల పురుషుడుగా మారవలెను. కోటు, తలపాగా తొడిగినంతనే తన సహజరూపము బయటపడినచో పాత్ర పోయినట్లే. ఆ మగబట్టలో ఆడుది దాగియున్నదని జనమునకు తెలియుచుండవలెను, ఎదుటనున్న సౌజన్యారావునకు తెలియకూడదు. ఆ కొద్దిసేపు ఆహార్యము పూర్తిగా ఎదురుతిరుగును. నటుని పక్షమున నిలుచునది ఆంగికము ఒక్కటియే. మధురవాణి పాత్ర వారి ఉత్తమపాత్రలలో నొకటిగా పేరొందినది.

వారి కీర్తి ఆంధ్రదేశపు ఎల్లలు దాటినది. ఆ కాలమున రంగూనులో తెలుగువారు వేలాదిగా నివసించుచుండిరి. మద్రాసు, విశాఖపట్టణము, కాకినాడ రేవుల నుండి ఓడలెక్కి కూలికై పోయినవారు కొందరు, కొలువునకై పోయినవారు కొందరు. 1938లో అక్కడ వారు నరసింహారావుగారికి బంగారు కిరీటము బహూకరించి గౌరవించిరి. జీవితమంతయు గిల్టు నగలతో రాణియైన నటునకు నిజమైన బంగారము అట్లు సముద్రమునకు ఆవల లభించినది. నాలుగేండ్లు తిరుగకముందే యుద్ధము వచ్చి, ఆ తెలుగువారిలో అనేకులు ఇండ్లు వాకిండ్లు విడిచి కాలినడకను తరలిరావలసివచ్చెను.

అయితే వారి కళకు ఎదురుమాట లేకపోలేదు. బళ్లారి రాఘవగారు స్త్రీపాత్రలు స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, విద్యావతులైన స్త్రీలను రంగమునకు తెచ్చుటకు పాటుపడిరి. పురుషుడు ఎంత నేర్పుతో చీర కట్టినను అది అనుకరణమేననునది ఆ పక్షము. ఆ పక్షములో న్యాయమున్నది. నటనాభిలాష గల స్త్రీకి అపవాదు భయముచే తలుపులు మూసియుండిన కాలములోనే పురుషుని స్త్రీవేషము వర్ధిల్లినదను మాట కాదనరానిది. నరసింహారావుగారి గొప్పతనమే ఆ మార్పును కొంత ఆలస్యము చేసినదనుకొన్నను అనుకొనవచ్చును. కాని వేరొక సంగతియు మరువరాదు. స్త్రీపాత్ర అనగా జరీచీర, మూడు రాగములు అనుకొను రోజులలో, ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క మనసు గలదని, ఆ మనసు ఆమె కట్టిన చీరలో కనబడునని చూపినవారు వారు. తరువాత రంగమెక్కిన నటీమణులకు సత్యభామ, చింతామణి, మధురవాణి పాత్రలు రూపురేఖలతో సిద్ధముగా లభించినవి.

1956లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చినది. తమ నటనానుభవములను వారు నటస్థానము అను గ్రంథముగా వెలువరించిరి. అప్పటికి రంగము మారిపోయెను. మైకు వచ్చి గొంతు బలముతో పని తగ్గెను. విద్యుద్దీపము వచ్చి అర్దళపు పూతకు కాలము చెల్లెను. పరిషత్తుల పోటీలలో సాంఘిక నాటికలు బయలుదేరి, ఇంటిలో కట్టుకొను చీరయే రంగముపై కనబడజొచ్చెను.

1966లో శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రముగా వచ్చినది. సత్యభామగా జమునగారు నటించిరి. సుశీలగారు పాడిన మీరజాలగలడా పాట నాటకమెన్నడును చూడని పిల్లల నోళ్లకును చేరెను. పట్టుచీర, నగలు, అద్దము, ఆ వాలుచూపు, అన్నియు మరల కనబడినవి. వానిని ధరించినది ఈమారు స్త్రీయే. ఐదేండ్ల తరువాత, 1971వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన నరసింహారావుగారు కీర్తిశేషులైరి.